గొంతు మీద ఆపరేషన్, వేళ్ల చివర తిమ్మిరి: నా థైరాయిడ్ క్యాన్సర్ అనుభవం

థైరాయిడ్ మొత్తం తీసేశాక నాలుగో రోజు దాటేదాకా ఆసుపత్రి ఉన్న ఊరు వదలొద్దు. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు నుంచి ఈ ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. రెండో రోజుకే మనిషి లేచి తిరుగుతుంది, అన్నం తింటుంది. డిశ్చార్జి కాగితం కూడా చేతికొచ్చేస్తుంది. విశాఖలో గుణుపురం పాసింజరు ఎక్కేస్తే ఇంటికి పోయి పడుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఈ ఆపరేషన్ తరవాత రక్తంలో క్యాల్షియం అడుగంటేది సరిగ్గా ఆ రెండో మూడో రోజుల్లోనే. బండి నౌపడ దగ్గర మెయిన్ లైను వదిలి మలుపు తిరిగేసరికి వేళ్లు కొంకర్లు పోయాయనుకోండి, ఆ పెట్టెలో కాల్చిన వేరుశనక్కాయలు తప్ప ఏమీ దొరకవు.

నాకు 43 ఏళ్లప్పుడు ఆపరేషన్ అయింది. మాది మందుల షాపు. థైరాయిడ్ మాత్రలు, క్యాల్షియం మాత్రలు ఏళ్ల తరబడి నా చేత్తో ఇచ్చినవే. అయినా అవి ఎందుకు, ఎప్పుడు, ఏ వరసలో అన్నది మంచం మీద పడుకున్నాకే ఒంటబట్టింది.

మెడ ముందు గడ్డ కనబడితే మావైపు తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ ఒకే మాట అంటారు, గళగండం అని. ఏజెన్సీలో అయోడిన్ తక్కువై వచ్చే వాపులు చూసీ చూసీ, అలాంటిదే అని వదిలేస్తారు. నొప్పి ఉండదు కాబట్టి ఇంకా తాత్సారం అవుతుంది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ మామూలుగా వస్తే 'థైరాయిడ్ లేదమ్మా' అనేస్తారు. గ్రంథి సరిగా పనిచేస్తోందా లేదా అన్నదే టీఎస్‌హెచ్ చెబుతుంది. అందులో పుట్టిన గడ్డ ఎలాంటిదో చెప్పలేదు. క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందికి టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది. గడ్డ సంగతి తేల్చాల్సింది మెడ అల్ట్రాసౌండ్. నా రిపోర్టులో కుడి లోబ్‌లో 2.4 సెంటీమీటర్లు, నల్లగా ఉంది, అంచులు వంకరటింకర, వెడల్పు కన్నా లోతు ఎక్కువ, లోపల తెల్లటి సున్నపు చుక్కలు అని రాసి, కింద టైరాడ్స్ 5, అంటే క్యాన్సర్ అనుమానం బాగా ఎక్కువ అని వేశారు. ఈ లక్షణాలు కలిసి వస్తే, గడ్డ సెంటీమీటరు దాటితే సూది పరీక్ష తప్పదు.

సూది పరీక్షను ఎఫ్ఎన్ఏసీ అంటారు. రక్తం తీసే సూది కంటే సన్నది. తెర మీద చూస్తూ గుచ్చి, లోపలే పది సెకన్లు ముందుకీ వెనక్కీ ఆడించి తీస్తారు. ఆ పది సెకన్లూ మింగకూడదు, మాట్లాడకూడదు, అంతే. ఫలితం బెథెస్డా అని 1 నుంచి 6 వరకు వస్తుంది. 1 అంటే మంచిది అనుకునేవాళ్లున్నారు. కాదు, చాలినన్ని కణాలు పడలేదు, మళ్లీ గుచ్చాలి అని. 2 అయితే మామూలు గడ్డ. 6 అయితే క్యాన్సర్. నాది 6, పాపిల్లరీ రకం. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇదే, నెమ్మదిగా పెరుగుతుంది. ఫాలిక్యులర్ అని ఇంకో రకం ఉంది. దాన్ని సూదితో తేల్చలేరు. కణాలు గడ్డ పైపొరని దాటాయా అన్నది గడ్డ మొత్తం బయటికి తీసి కోసి చూస్తేనే తెలుస్తుంది. అందుకని ఈ రకం అనుమానంతో బెథెస్డా 4 వచ్చినవాళ్లకు సగం థైరాయిడ్ తీసి పరీక్షకు పంపుతారు. డాక్టర్లకు తేలక అలా చేస్తున్నారని అపోహ పడొద్దు. గాజు స్లయిడ్లు మాత్రం అడిగి తీసుకోండి. పెద్దాసుపత్రిలో రిపోర్టు కాగితం చూసి ఊరుకోరు, స్లయిడ్లు తెమ్మంటారు.

ఎక్కడికి వెళ్లాలి అన్నది మాకు ఎప్పుడూ ఉండే చిక్కే. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్‌లో ఎయిమ్స్, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. భాష, చుట్టాలు, బస్సు చూసుకుంటే కాళ్లు విశాఖ వైపే లాగుతాయి. 1936లో ఒడిశా సరిహద్దు గీత గీసినప్పుడు మా పర్లాకిమిడి ఊరు ఒడిశాలోకి పోయింది, చుట్టూ పల్లెలు చాలావరకు ఇప్పటి ఆంధ్రా వైపే ఉండిపోయాయి. పాతపట్నంలో ఉన్న మా ఆడపడుచుకి పనికొచ్చే ఆంధ్రా ఆరోగ్య కార్డు, నాలుగడుగులు ఇటున్న నాకు పనికిరాదు. ఒడిశావాళ్లకు ఆయుష్మాన్ కార్డు 2025 నుంచి నడుస్తోంది, అందులో చేరిన ఆసుపత్రి అయితే వేరే రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. వెళ్లేముందే ఆ ఆసుపత్రి కౌంటర్‌లో రెండు సంగతులు విడివిడిగా అడగండి. ఒకటి, బయటి రాష్ట్రం కార్డు తీసుకుంటారా? రెండు, థైరాయిడ్ ఆపరేషన్‌కి తీసుకుంటారా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని చెప్పే చోట్లుంటాయి.

ఇంకో చిన్న తంటా పేరుతో. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా ఆఫీసుల్లో చివర రాస్తారు. నా ఆధార్‌లో ఒకలా, స్కాన్ మీద ఇంకోలా, ఎఫ్ఎన్ఏసీ మీద పొడి అక్షరంతో మరోలా ఉంది. ఆపరేషన్ అనుమతికి పంపిన కాగితాలు దానివల్లే వెనక్కొచ్చి, ఆరు రోజులు పోయాయి. మొదటి స్కాన్ దగ్గర్నుంచే ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు రాయించండి.

ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షల్లో అనవసరమని జనం ఎగ్గొట్టేది గొంతులో కెమెరా. స్వరతంతువులు రెండూ కదులుతున్నాయా అని చూస్తారు. గడ్డ ఒకవైపు నరాన్ని ముందే తినేసి ఉంటే మాటలో తేడా రాకపోవచ్చు. ఆ సంగతి సర్జనుకు తెలియాలి, ఎందుకంటే రెండోవైపు నరానికి కూడా దెబ్బ తగిలితే ఊపిరి దారే మూసుకుపోతుంది. దాంతోపాటు రక్తంలో క్యాల్షియం, విటమిన్ డి చూపించుకోండి. డి బాగా తక్కువున్న మనిషికి ఆపరేషన్ తరవాత క్యాల్షియం ఇంకా కిందికి పడుతుంది. ముందు కొన్ని వారాలు డి వాడుకుని వెళ్తే ఆ రాత్రులు సులువవుతాయి. మెడకు సీటీ స్కాన్ అంటే రంగుమందు ఎక్కిస్తారా అని అడగాలి. అందులో అయోడిన్ ఉంటుంది, తరవాత రేడియో అయోడిన్ (మిగిలిపోయిన థైరాయిడ్ కణాల్ని చంపే మందు) ఇవ్వాలంటే నెలా రెండు నెలలు ఆగాల్సొస్తుంది. అవసరమైతే చేయించుకోవాల్సిందే, ఆ లెక్క తెలిసి చేయించుకోవాలి.

సగం తీయాలా మొత్తం తీయాలా అన్నది గడ్డ సైజు, మెడలోని లింఫ్ గ్రంథులకు పాకిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సెంటీమీటరు లోపు, ఒకే పక్కనుంటే సగం చాలు. 4 దాటితే మొత్తం. మధ్యలో ఉన్నవాళ్లకు రెండూ సబబే, మాట్లాడుకుని తేల్చుకోవాలి. సగం ఉంచుకుంటే క్యాల్షియం బెడద దాదాపు ఉండదు, మాత్ర కూడా కొందరికి అక్కర్లేదు. నాకు స్కాన్‌లో శ్వాసనాళం పక్కన ఒక లింఫ్ గ్రంథి అనుమానంగా ఉంది కాబట్టి మొత్తం థైరాయిడ్, దాంతోపాటు మెడ మధ్య భాగంలోని గ్రంథులూ తీశారు. సర్జనుని ఏడాదికి ఎన్ని చేస్తారని అడగడానికి మొహమాటపడొద్దు. అమెరికాలో లెక్కతీస్తే ఏడాదికి 25కి మించి చేసేవాళ్ల దగ్గర చిక్కులు తక్కువని తేలింది.

ఆపరేషన్ రోజు సంగతి క్లుప్తంగా చెప్తాను, మనం నిద్రలో ఉంటాం కాబట్టి. ఆరు గంటల ముందు నుంచి ఘనాహారం లేదు. పుస్తెలతాడు, ముక్కుపుడక, మెట్టెలు తీసి ఇంటివాళ్లకు ఇచ్చేయాలి. ముక్కుపుడక బిగుసుకుపోయి ఉంటే ఇంట్లోనే తీయించుకు వెళ్లండి. భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వంచుతారు. మెలకువొచ్చాక కుట్ల కంటే మెడ వెనక, తల వెనక నొప్పి ఎక్కువగా ఉండేది అందుకే. కోత మెడ ముడతలోనే, నాది ఆరు సెంటీమీటర్లు. లోపల సర్జను కళ్లన్నీ రెండింటి మీదే. స్వరపేటికకు పోయే నరాలు ఒకటి. కుడి ఎడమల్లో ఒక్కొక్కటి, థైరాయిడ్ వెనక్కి ఆనుకుని పోతాయి. పారాథైరాయిడ్లు రెండోది. మామూలుగా నాలుగుంటాయి, ఒక్కొక్కటి బియ్యపుగింజంత, రంగు పక్కనున్న కొవ్వులాగే. రక్తంలో క్యాల్షియాన్ని నిలబెట్టేది అవే. వాటికి వచ్చే రక్తనాళం కూడా థైరాయిడ్‌కి వచ్చేదాంట్లోంచే చీలుతుంది. గింజను ముట్టుకోకపోయినా ఆ సన్ననాళం తెగితే అది కొన్నాళ్లు మూర్ఛపోతుంది. నల్లబడినదాన్ని తీసి, ముక్కలు చేసి, మెడ కండరంలో నాటేస్తారు. నాకు ఒకదాన్ని అలా నాటారని డిశ్చార్జి కాగితంలో ఉంది. మీ కాగితంలోనూ ఎన్ని కనబడ్డాయి, ఎన్ని నాటారు అని రాయించుకోండి, తరవాత ఏ డాక్టరుకైనా అది కావాలి.

మొదటి రాత్రి భయం వేరు. లోపల రక్తం కారితే అది బయటికి రాదు, మెడలో పేరుకుని ఊపిరిగొట్టాన్ని నొక్కుతుంది. మొదటి ఆరు గంటల్లో ఎక్కువ, ఒక రోజు దాకా ఉంటుంది. మెడ బిగుతుగా ఉబ్బడం, మింగలేకపోవడం, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, ఇవి కనబడితే బెల్లు కొట్టి ఊరుకోకూడదు, తోడున్న మనిషి పరుగెత్తి పిలుచుకు రావాలి. మంచం మీదే కుట్లు విప్పేస్తారు. మెడలోంచి గొట్టంతో రక్తాన్ని బయటికి పీల్చే డ్రెయిన్ డబ్బాలో రక్తం పడటం లేదని ధైర్యపడొద్దు, గొట్టంలో గడ్డకట్టినా పడదు. డబ్బా నొక్కిపెట్టి ఉండాలి. ఉబ్బి గుండ్రంగా అయిందంటే పీల్చుకోవడం ఆగిపోయిందని, మూత తీసి ఖాళీ చేసి నొక్కి మూయమని సిస్టర్‌కి చెప్పాలి. ఎరుపు, గులాబీ, లేత పసుపు వరసలో రంగు మారుతూ 24 గంటలకు 30 మిల్లీలీటర్ల లోపుకొస్తే తీసేస్తారు. పక్క మెడ గ్రంథులు కూడా తీయించుకున్నవాళ్లకు అన్నం తిన్నాక పాలలా తెల్లగా వస్తే లింఫ్ నాళం కారుతున్నట్టు. అప్పుడు నూనె, నెయ్యి ఆపేస్తారు.

ఇక క్యాల్షియం. రెండో రాత్రి రెండు గంటలప్పుడు పెదాల చుట్టూ చీమలు పాకినట్టయింది. కాసేపటికి వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. సెలైన్ సూది వల్లేమో అనుకుని చెయ్యి విదిలించుకుంటూ పడుకున్నాను. రెండు చేతులకీ ఒకేసారి సూది వల్ల తిమ్మిరి రాదన్న ఆలోచన లేకపోయింది. సిస్టర్ బీపీ చూద్దామని కట్టు బిగిస్తే ఆ చేతి బొటనవేలు లోపలికి ముడుచుకుపోయి, మిగతా వేళ్లు కొంగముక్కులా దగ్గరకొచ్చాయి. ఆవిడ కట్టు వదిలేసి, నా చెవి ముందు దవడ మీద వేలితో టకటకా కొట్టింది. పై పెదవి ఆ పక్కకి ఎగిరింది. "అక్కా, ఏడవకు. గబగబా ఊపిరి తియ్యకు, నెమ్మదిగా వదులు" అంది. అది ఓదార్పు మాట అనుకున్నాను గానీ అందులో వైద్యం ఉంది. వేగంగా ఊపిరి తీస్తే రక్తం క్షారంవైపు మళ్లుతుంది, ఉన్న క్యాల్షియంలో కొంత ప్రొటీన్‌కి అతుక్కుపోయి నరాలకు అందకుండా పోతుంది. భయపడి ఎగశ్వాస పెట్టినకొద్దీ కొంకర్లు పెరుగుతాయి.

రక్తంలో క్యాల్షియం 7.4 వచ్చింది, ఉండాల్సింది 8.5 నుంచి 10.5. ఈ అంకె చూసేటప్పుడు ఆల్బుమిన్ కూడా చూడాలి. అది 4 కంటే తక్కువుంటే తగ్గిన ప్రతి గ్రాముకూ 0.8 కలిపి లెక్కేస్తారు. క్యాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ పది నిమిషాల పైనే పట్టేలా నెమ్మదిగా, గుండె మానిటరు పెట్టి ఇచ్చారు. గబుక్కున తోస్తే గుండె లయ తప్పుతుంది. మందు రక్తనాళం పక్కకి కారితే అక్కడ చర్మం మాడిపోతుంది. అందుకే సూది దగ్గర మంట పుడితే ఓర్చుకోకుండా చెప్పాలి. ఎంత ఇచ్చినా పెరగకపోతే మెగ్నీషియం చూడమనాలి. అది తక్కువుంటే క్యాల్షియం నిలవదు.

తరవాత మాత్రలు. ఇక్కడ మందుల షాపు మనిషిగా రెండు మాటలు. పెట్టె మీద క్యాల్షియం కార్బొనేట్ 1250 అని, పక్కన 500 అని ఉంటుంది. రెండూ ఒకటే మాత్ర, 1250 మిల్లీగ్రాముల ఉప్పులో అసలు క్యాల్షియం 500. చీటీలో ఏది రాశారో తేల్చుకోకపోతే సగమే మింగుతారు. రెండోది ఇంకా ప్రమాదం. కాల్సిట్రయాల్ రాస్తే అది లేదని వారానికొకటి వేసే 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లం ఇచ్చేసే షాపులున్నాయి, 'రెండూ డీయే కదా' అని. మామూలు డిని కిడ్నీ పనికొచ్చే రూపంలోకి మార్చాలంటే పారాథైరాయిడ్ హార్మోను తోడు కావాలి. ఆ గ్రంథులే మూర్ఛలో ఉన్నప్పుడు పొట్లం ఎన్ని వేసినా రేపటికి పనిచేయదు. కాల్సిట్రయాల్ అలా మార్చేసిన రూపమే, నేరుగా పనిచేస్తుంది. నాకు రాసింది 500 క్యాల్షియం మాత్రలు రెండేసి రోజుకు మూడుసార్లు, కాల్సిట్రయాల్ 0.25 మైక్రోగ్రాములు పొద్దునా రాత్రీ. ఏడు వారాలకు దశలుగా తగ్గించి ఆపారు. కొందరికి ఆర్నెల్లు పడుతుంది, కొద్దిమందికి జీవితాంతం. తిమ్మిరి తగ్గిందని సొంతంగా ఆపకూడదు. అలాగని పరీక్ష లేకుండా నెలల తరబడి మింగినా క్యాల్షియం ఎక్కువై వాంతులు, కిడ్నీలో రాళ్లు.

థైరాక్సిన్ మాత్ర మొత్తం తీసేసినవాళ్లకు ఎప్పటికీ ఉంటుంది. కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములతో మొదలు. నేను 62 కిలోలు, 100 రాశారు. దీనికీ క్యాల్షియానికీ నాలుగు గంటల దూరం ఉండాలి, కలిస్తే పేగులోనే అతుక్కుని థైరాక్సిన్ సరిగా ఒంటబట్టదు. కాబట్టి నా గడియారం ఇది: అయిదింటికి థైరాక్సిన్, ఆరింటికి టీ, తొమ్మిదింటికి టిఫిన్‌తో క్యాల్షియం, ఎందుకంటే కార్బొనేట్ తిండితోనే బాగా ఒంటబడుతుంది. ఐరన్ మాత్రకూ, గ్యాస్ ద్రావకానికీ అదే దూరం. సీసా వంటింట్లో పొయ్యి పక్కన పెట్టొద్దు, వేడికీ తేమకీ మందు చస్తుంది. మోతాదు మార్చాక ఆరు వారాలు ఆగి టీఎస్‌హెచ్ చూస్తారు, ముందే చూస్తే తప్పు లెక్క. జుట్టు రాలుతోందని బయోటిన్ వేసుకునేవాళ్లు పరీక్షకు మూడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

బయాప్సీ రిపోర్టు రెండు వారాలకు వచ్చింది. గడ్డ 2.2, తీసిన ఏడు గ్రంథుల్లో మూడింటిలో క్యాన్సర్. గ్రంథులకు పాకిందనగానే ఇంట్లో ఏడుపులు. ఈ క్యాన్సర్‌లో 55 ఏళ్ల లోపువాళ్లకు, ఊపిరితిత్తులు ఎముకల్లాంటి దూరపు చోట్లకు పోనంతవరకు, గ్రంథుల్లో ఉన్నా అది ఒకటో స్టేజే. 55 లోపు మూడు, నాలుగు స్టేజీలు అసలు లేవు.

గ్రంథుల వల్ల రేడియో అయోడిన్ ఇచ్చారు. ముందు రెండు వారాలు అయోడిన్ లేని తిండి. పాలు, పెరుగు, గుడ్డులో పచ్చసొన, చేపలు, రొయ్యలు, ఎండుచేపలు, బేకరీ సరుకు, హోటల్ తిండి బంద్. అందరూ మరిచిపోయేది ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, వాటిలోనూ ఉప్పే. పుండుకి రాసే పోవిడోన్ అయోడిన్ కూడా వద్దు. ఉప్పు దగ్గర మావాళ్లకు ఒక తెలివి పుడుతుంది, నౌపడ మడుల్లోంచి గల్లుప్పు తెచ్చుకుంటే సరిపోతుంది కదా అని. ఆసుపత్రి పట్టీల్లో సముద్రపు ఉప్పు కూడా వద్దనే ఉంటుంది. ఏ ఉప్పు వాడాలో న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లనే అడిగి ముందే కొనుక్కోండి. థైరాక్సిన్ నాలుగు వారాలు ఆపి టీఎస్‌హెచ్ 30 దాటించాలి. ఆ నెల మొహం ఉబ్బుతుంది, మలబద్ధకం, ఏం చేసినా నిద్రే. షాపులో కూర్చుని మందులివ్వడం నేను మానేశాను, తప్పు మందు చేతిలో పెట్టేస్తానని. ఆపకుండా ఇంజెక్షన్‌తో పెంచే పద్ధతీ ఉంది, ఖరీదు ఎక్కువ. రేడియో అయోడిన్ మోతాదు 30 మిల్లీక్యూరీలు దాటితే ప్రత్యేక గదిలో ఉంచుతారు. ఇంటికొచ్చాక కొన్నాళ్లు చంటిపిల్లల్ని, గర్భిణుల్ని దగ్గరకు రానీయకూడదు. కనీసం ఆర్నెల్లు గర్భం రాకూడదు.

గొంతు బొంగురు మూడు వారాలకు తగ్గింది. వీధి చివరున్న మనిషిని పిలవాలంటే మాత్రం ఇప్పటికీ పైస్వరం లేవదు. స్వరపేటికకు పోయే ఇంకో సన్ననరం నలిగితే అంతే. పాడేవాళ్లు, బడిలో చెప్పేవాళ్లు ఈ సంగతి సర్జనుకు ముందే చెప్పాలి.

ఇప్పుడు ఆర్నెల్లకోసారి థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలే తయారుచేసే ప్రొటీన్, అది పెరిగితే క్యాన్సర్ తిరిగొచ్చిందేమోనని అనుమానం), దాంతోపాటు దాని యాంటీబాడీ పరీక్ష, ఏడాదికోసారి మెడ స్కాన్. యాంటీబాడీ ఉంటే థైరోగ్లోబ్యులిన్ సున్నా వచ్చినా నమ్మలేం, అందుకే రెండూ ఒకే ల్యాబులో. నా పర్సులో ఒక చీటీ ఉంటుంది, ఒక పక్క ఒడియాలో, ఒక పక్క ఇంగ్లిషులో: థైరాయిడ్ పూర్తిగా తీసేశారు, ఒక పారాథైరాయిడ్ మెడలో నాటారు, కొంకర్లు వస్తే ముందు క్యాల్షియం చూడండి. రాత్రి డ్యూటీలో ఏ డాక్టరున్నా చదువుకోగలగాలి కదా, అందుకని రెండు భాషల్లో.